మూడో నిమ్మకాయ

శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంట నలభైకి శ్యామసుందరి మెల్‌బోర్న్ శివారు కేరమ్ డౌన్స్‌లో జాహిదా ఇంటి గుమ్మం ఎక్కేసరికి, లోపల సంతకాల కోసం తెచ్చిన పెన్ను మూత అప్పటికే తీసి ఉంది. వీధిలో ఆగిన తెల్లకారులోంచి రాజారావు పేపరు పక్కన పెట్టి చెయ్యి ఊపాడు. చనిపోయిన శ్రీపతి ఆఫీసులోనే పనిచేసేవాడు, శ్రీపతి భార్య సుగుణను కారులో తీసుకొచ్చింది అతనే. "మీరు కానివ్వండి ఆంటీ, నేను బయటే ఉంటా" అన్నాడు. శ్యామసుందరికి నలభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై అయిదేళ్ళవాడు ఆంటీ అన్నందుకు ఓ క్షణం మండింది గానీ, లోపలున్న మంట ముఖ్యమని వెళ్ళిపోయింది.

పెన్ను ద్వారకానాథ్‌ది. ట్రావెల్ ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున ప్రమాదాల మీద విచారణ చేస్తాడు. హైదరాబాదులో పోలీసు ఉద్యోగం మానేసి పదేళ్ళయినా, యూనిఫాం ఇంకా ఒంటిమీదే ఉన్నట్టు కూర్చుంటాడు. డైనింగ్ టేబుల్ మీద రెండు కాగితాలు పరిచాడు. ఒకటి జాహిదాకి, ఒకటి సుగుణకి.

"రండి మేడమ్. జస్ట్ ఫార్మాలిటీ. రెండు సంతకాలు, టెన్ మినిట్స్ వర్క్," అన్నాడు.

శ్యామసుందరి జాహిదా తరఫున వచ్చిన ప్రైవేట్ డిటెక్టివ్. ఎవరైనా సంతకానికి తొందరపెడితే ఆమెకు ముందు కోపం వస్తుంది, వెనకాలే అనుమానం వస్తుంది. ఈసారి రెండూ కలిసే వచ్చాయి.

"నేను పెట్టనక్కా," అంది జాహిదా, గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని. "సోమవారం విచారణలో నిలబెట్టనీ. లైసెన్సు లాక్కోనీ. జాగ్రత్తలు చెప్పలేదని మాత్రం నా చేత్తో రాసివ్వను. చెప్పా. అందరికీ చెప్పా."

జాహిదాది నరసరావుపేట. తలకి స్కార్ఫు, కాళ్ళకి అడవిలో తిరిగే బూట్లు. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదిరాయని అడిగేవాళ్ళకి ఆరేళ్ళ కిందటే జవాబు చెప్పడం మానేసింది. ఇంటి పక్కన, వీధివైపు కిటికీ ఉన్న షెడ్డే ఆఫీసు. మెల్‌బోర్న్ తెలుగువాళ్ళని ఆఫ్రికా అడవులకి తీసుకెళ్ళి, ఉప్మా పెట్టి, చిరుతపులిని చూపించి, ప్రాణాలతో తిరిగి తీసుకురావడం ఆమె పని. బయల్దేరే ముందు అందరినీ ఇంట్లో కూర్చోబెట్టి పాఠం చెబుతుంది. నీలం బట్టలు వద్దు, కుట్టే ఈగలు మూగుతాయి. మలేరియా మాత్ర ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి. చీకటి పడ్డాక కాపలావాడు లేకుండా టెంటు దాటకూడదు. పులిహోర తెచ్చుకుంటే చింతపండుదే తెచ్చుకోవాలి. నిమ్మ, నారింజ వాసన తగిలిందంటే ఏనుగు టెంటునైనా చీల్చి వెతుకుతుంది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పడకేస్తాయని రెండేళ్ళపాటు సెలవన్నదే లేకుండా పనిచేసిన సాఫ్ట్‌వేర్ జనం, అవి పడకెయ్యలేదని తేలాక ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. శ్రీపతి అలాంటివాడే. భార్య సుగుణనీ, వెంట రాజారావునీ తీసుకుని జాహిదాతో జాంబియా వెళ్ళాడు. జూలై తొమ్మిది ఆదివారం జాంబేజీ ఒడ్డున క్యాంపు చేరారు. బుధవారం తెల్లవారుజామున నాలుగూ యాభైకి ఏనుగు మూడో నంబరు టెంటును చీల్చింది. సుగుణ ఒంట్లో బాగాలేక ఆ రాత్రి జాహిదా టెంటులో పడుకుంది. మూడో నంబరులో శ్రీపతి ఒక్కడే ఉన్నాడు.

క్యాంపు మేనేజరు ఆ ఉదయం ఆరున్నరకి తీసిన ఫోటో ఇప్పుడు టేబుల్ మీద ఉంది. టెంటు గుమ్మానికి అటు రెండు, ఇటు రెండు నిమ్మచెక్కలు. వాటిమీద ఎర్రగా కుంకుమ. దిష్టికి పెట్టినవని ఏ తెలుగువాడికైనా ఇట్టే తెలుస్తుంది. ద్వారకానాథ్ లెక్క చాలా సులువు. జాహిదా హెచ్చరించలేదు, సుగుణ నిమ్మకాయలు పెట్టింది, ఏనుగు వచ్చింది.

"ఏనుగు నిమ్మకాయల కోసమే వచ్చిందంటారు," అంది శ్యామసుందరి.

"అంతే కదా."

"మరి తినకుండా ఎందుకు వెళ్ళింది? నాలుగు చెక్కలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. టెంటు చిరిగింది వెనకవైపు."

ద్వారకానాథ్ నవ్వాడు. "ఏనుగుకి సమన్స్ పంపిద్దామా మేడమ్?"

"ముందు మీ కాగితం చదవనివ్వండి."

సుగుణ పేరుతో రాసిన వాంగ్మూలం అది. ప్రయాణంలో మూడు నిమ్మకాయలు రహస్యంగా వెంట తీసుకెళ్ళాననీ, మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి టెంటు ముందు కోసి పెట్టాననీ ఉంది. పేజీ అడుగున కంప్యూటరు వేసిన తేదీ, సమయం: ఆగస్టు ఇరవై అయిదు, ఉదయం తొమ్మిదీ ఐదు. శ్యామసుందరి మరోసారి ఫోటో చూసింది. నాలుగు చెక్కలంటే రెండు కాయలు. మూడోది ఎక్కడిది? అడుగుదామని నోరు తెరిచి, ఏమనుకుందో మళ్ళీ మూసేసుకుంది.

సుగుణతో ఒంటరిగా మాట్లాడాలంది. ద్వారకానాథ్ వాచీ చూసుకుని, రెండుంబావు దాటితే కుదరదన్నాడు. సుగుణ సాయంత్రం అయిదూ నలభై అయిదు విమానానికి దేశం ఉత్తరపు కొసనున్న డార్విన్ వెళ్ళిపోతోందనీ, అక్కడ ఆసుపత్రిలో ఆమెకు రాజారావు ఉద్యోగం చూశాడనీ, అతనే దగ్గరుండి దింపి వస్తున్నాడనీ చెప్పాడు. పాపం ఎంత మంచివాడో అని కూడా అన్నాడు.

సుగుణ వంటింట్లో కుర్చీ అంచున కూర్చుని ఉంది. రాజోలు పక్క మనిషి. ఆరు వారాలుగా ఎవరేం అడిగినా "అవునండి" అనడం అలవాటైపోయింది. అందుకని శ్యామసుందరి ఆ మాటతో తప్పించుకోలేని ప్రశ్నలే వేసింది. మొదటిరోజు ఏం తిన్నావు, ఏం చూశావు, ఆయన ఏమన్నాడు?

ఆయన మాట వచ్చేసరికి సుగుణ గొంతు మారింది. తెల్లారకుండానే దుప్పట్లు కప్పుకుని జీపెక్కేవారట. నదిలో నీటిగుర్రాలు రాత్రంతా గురకపెడుతుంటే, మా నాన్న ఇక్కడికెప్పుడొచ్చాడే అని శ్రీపతి పడీ పడీ నవ్వాడట. రెండేళ్ళలో ఆయన అలా నవ్వగా చూడలేదంది. నది చప్పుడు వినబడాలని మంచం తలగడ కూడా టెంటు వెనకవైపుకి తిప్పించుకున్నాడట.

ఆ తర్వాత నిమ్మకాయల సంగతి వచ్చింది. ఆమె తీసుకెళ్ళినవి రెండు. రవికె మడతలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో దాచింది. ఒకటి దిగిన రోజే జీపు చక్రం కింద పెట్టింది. రెండోది ఆ సాయంత్రం కోసి టెంటు గుమ్మానికి చెరోవైపు పెట్టింది. భోజనాల దగ్గర గైడు ఏనుగుల కథలు చెబుతుంటే ఒళ్ళు జల్లుమంది. తెల్లారగానే చెక్కలు తీసి నదిలో పారేసింది.

"పెడుతుంటే ఎవరైనా చూశారా?"

"రాజారావు గారు చూసేరండి. నవ్వి, ఎవరికీ చెప్పన్లే అక్కా అన్నారు."

"అది ఆదివారం. ఏనుగు వచ్చింది బుధవారం. నీ నిమ్మకాయలు సోమవారానికే అయిపోయాయి. మరి ఆ కాగితం మీద సంతకం ఎందుకు?"

"ఫోటోలో ఉన్నాయి కదండి." సుగుణ చేతులకేసి చూసుకుంది. "ఆ మలేరియా మాత్రకి నాకు వారమంతా పిచ్చి కలలండి. ఏది కలో ఏది నిజమో తెలిసేది కాదు. మళ్ళీ లేచి పెట్టేనేమో. పెట్టే ఉంటానండి. ఆయన్ని నేనే చంపుకున్నాను."

ఆరు వారాలుగా ఈ మనిషి దేన్ని మోస్తోందో శ్యామసుందరికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. జైలుకీ విచారణకీ సుగుణ భయపడటం లేదు. తన మతిమీద తనకే నమ్మకం పోయింది. ఆ నమ్మకాన్ని ఎవరో పనిగట్టుకుని పోగొట్టారు. శ్యామసుందరికి ఒళ్ళు మండింది.

"ఆ రోజు నిమ్మచెక్కలకి రాసిన కుంకుమ ఎక్కడుంది?"

సుగుణ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి తీసుకుంది. అడుగు నుంచి చిన్న వెండి భరిణె తీసింది. ఆయన పోయాక కూడా దాన్ని బ్యాగులోంచి తీసెయ్యడానికి చేతులు రాలేదంది. కొన్న కుంకుమ పెట్టుకుంటే నుదురు పొక్కుతుందని వాళ్ళమ్మ పసుపులో సున్నపుతేట కలిపి, ఎండబెట్టి పంపిస్తుందట.

శ్యామసుందరి జాహిదాని పిలిచి ఒక నిమ్మకాయ తెమ్మంది. జాహిదా పెరట్లో చెట్టు విరగకాసి ఉంది. జూలై నుంచి ఆమె ఆ చెట్టుని ముట్టుకోలేదు, పళ్ళు రాలి గడ్డిలో కుళ్ళుతున్నాయి. ఇప్పుడు మాత్రం గబగబా వెళ్ళి, కొమ్మ మీదిది ఒకటి తెంపుకొచ్చి రెండుగా కోసింది.

"నువ్వే రాయి," అంది శ్యామసుందరి.

"నేను ముట్టుకోకూడదు కదండి ఇంక."

"ఎవరన్నారు?"

సుగుణ ఆలోచించింది. "ఎవరూ అన్లేదండి. నాకు నేనే..."

"అయితే రాయి."

సుగుణ వేలు భరిణెలో ముంచి రెండు చెక్కలకీ రాసింది. గడియారం రెండూ ఎనిమిది. ముగ్గురూ వంగి చూశారు. ఎరుపు అంచుల దగ్గర ముందు నారింజరంగుకి తిరిగింది. తర్వాత ఆ రంగు లోపలికి పాకింది. రెండూ పది అయ్యేసరికి చెక్కలమీద ఎరుపు లేదు, పసుపే మిగిలింది.

శ్యామసుందరి పక్కనే ఫోటో పెట్టింది. అందులో చెక్కలు రాత్రంతా గడిచాక కూడా నెత్తురులా ఎర్రగా ఉన్నాయి.

"పులుపు తగిలితే సున్నం విరిగి మళ్ళీ పసుపవుతుంది. మీ అమ్మ కుంకుమ రెండు నిమిషాలు నిలవలేదు. ఫోటోలోది రంగుపొడి. అది పెట్టినవాడికి దిష్టి తెలుసు, నీ కుంకుమ సంగతి తెలియదు. నువ్వు పెట్టలేదమ్మా. నీ మతి ఎక్కడికీ పోలేదు."

ఏడుస్తుందనుకుంది. సుగుణ ఏడవలేదు. పచ్చబడ్డ చెక్కల్ని చూస్తూ కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి, మొదటిసారి సరిగ్గా కూర్చుంది.

"అయితే ఎవరండి?" అంది.

దానికి జవాబు షెడ్డులో ఉంది. శ్రీపతి టెంటు సాక్ష్యం కోసం జాంబియా నుంచి విమానంలో వచ్చింది. అడవి నుంచి వచ్చే ఆకుముక్కని కూడా వదలని క్వారంటైన్ వాళ్ళు దాన్ని మూడు వారాలు తమ దగ్గరే ఉంచుకుని, పొగబెట్టి, శుభ్రం చేసి, కొత్త ప్లాస్టిక్‌లో చుట్టి సీలు వేసి ఆ ఉదయం పదకొండూ ఇరవైకి పంపారు. ఎవరూ ఇంకా విప్పలేదు. ద్వారకానాథ్ కూడా వెంట వచ్చాడు. టెంటు చూసి లాభమేముందని దారంతా సణిగాడు. అతని కళ్ళముందే జాహిదా సీలు కోసింది. రెండూ పదిహేడు.

గుడ్డని నేలమీద పరిచారు. ముందు తలుపు మీద గీత కూడా లేదు. వెనకవైపు మాత్రం నిలువునా చీలిపోయింది. శ్యామసుందరి మోకాళ్ళమీద కూర్చుని వెనక అంచుని చేత్తో తడుముతూ పోయింది. అంచు పొడవునా గుడ్డని గొట్టంలా మడిచి కుట్టారు, అందులో ఇనపకడ్డీ దూరుతుంది. ఒకచోట ఆమె వేలు లోపలికి జారింది. నాలుగు వేళ్ళ వెడల్పున కోత. ఏనుగు చింపిన చోట దారాలు చిందరవందరగా ఉన్నాయి, ఇక్కడ బ్లేడుతో గీసినంత తిన్నగా ఉంది. దారపు కొసలు లోపలికి తిరిగి ఉన్నాయి. అంటే కోసినవాడు బయట నిలబడి కోశాడు. కోత చుట్టూ గోధుమరంగు మరక.

జాహిదా సుద్దముక్కతో మంచం ఉన్న చోటు గీసింది. తలగడ గీత దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. కోతకీ తలగడకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

ప్లాస్టిక్ లోపల క్వారంటైన్ వాళ్ళ కాగితం ఉంది. శ్యామసుందరి దాన్ని చదివి, ద్వారకానాథ్‌కి వినబడేలా తెలుగులో చెప్పింది. టెంటు వెనక అంచు గొట్టంలో నలిగిన నిమ్మకాయ ఒకటి దొరికింది, దాన్ని తీసి నాశనం చేశారు.

"గుమ్మంలోవి మనుషులు చూడటానికి పెట్టాడు," అంది. "ఇది ఏనుగు కోసం పెట్టాడు."

శ్యామసుందరి కాగితం మడిచి ద్వారకానాథ్ వైపు తిరిగింది.

"ద్వారకానాథ్ గారూ, క్యాంపువాళ్ళ రిపోర్టులో నాలుగు చెక్కలే ఉన్నాయి. ఫోటోలో నాలుగే ఉన్నాయి. మూడోకాయ ఈ గొట్టంలో ఉందని ఈ కాగితం చెప్పేదాకా ఎవరికీ తెలీదు. ఈ సీలు విప్పి పది నిమిషాలు కాలేదు. మీ కాగితం టైపయింది పొద్దున తొమ్మిదీ ఐదుకి. అందులో మూడు నిమ్మకాయలని ఉంది. మీకెవరు చెప్పారు?"

ద్వారకానాథ్ ముఖంలోంచి పోలీసు యూనిఫాం దిగిపోయింది. చేతిలో పెన్నుని మూతపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు. తెల్లచొక్కా మీద నీలం మరక పాకుతున్నా చూసుకోలేదు.

"రాజారావు," అన్నాడు. "పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసిండు. అక్క తన నోటితో చెప్పలేకపోతంది, నేను చెప్తా రాసుకోండి అన్నడు. ఎన్ని అంటే మూడు అన్నడు. నేను క్రాస్ చెక్ చెయ్యలే."

నిజాయితీగానే అన్నాడు. శ్యామసుందరికి అతనిమీద కోపం సగమే తగ్గింది. మిగతా సగం సోమవారానికి దాచుకుంది.

జాహిదా అల్మారా తెరిచి కాపలావాడి డైరీ నకలు తీసింది. మంగళవారం రాత్రి అందరూ నెగడు దగ్గర ఉండగా, ఎనిమిదీ పదికి రాజారావు కాపలావాడికి చెప్పకుండా, కెమెరా బ్యాటరీ కోసమని టెంట్లవైపు వెళ్ళి ఎనిమిదీ పదహారుకి వచ్చాడు. కాపలావాడు కోప్పడి ఆ సంగతి రాసిపెట్టాడు. సుగుణ తొమ్మిదిన్నర దాకా నెగడు దగ్గర నుంచి లేవనే లేదు, లేచి నేరుగా జాహిదా టెంటుకే వెళ్ళింది.

"బయల్దేరే ముందు అందరి సంచులూ విప్పి చూశానక్కా," అంది జాహిదా. "అతని కెమెరా బ్యాగు ఒక్కటే వదిలేశా. వెలుతురు తగిలితే ఫిల్ము పాడైపోద్ది మేడమ్ అన్నాడు. అది నా తప్పు. దానికి కాగితం రాయమనండి, ఇప్పుడే సంతకం పెడతా. చెయ్యని దానికి మాత్రం పెట్టను."

"ఎందుకు చేస్తాడండి?" అన్న మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది. సుగుణ అక్కడెప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. అడిగింది తనే, కాసేపాగి జవాబు చెప్పుకున్నదీ తనే. ఆ మంగళవారం నెగడు దగ్గర శ్రీపతి ఆమెకో మాట చెప్పాడు. ఆసుపత్రుల్లో మందుల మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాముని రాజారావు పరీక్షించకుండానే పరీక్షించానని సంతకం చేశాడు. అన్నీ ఫైలులో పెట్టాననీ, ఆ సంగతి బయల్దేరకముందే అతనికి చెప్పాననీ, తిరిగి వెళ్ళగానే సోమవారం పైవాళ్ళకి ఇచ్చేస్తాననీ అన్నాడు. నెగడుకి అటువైపు రాజారావు కూర్చుని ఉన్నాడు. వినబడదనుకున్నారు.

"ఆ ఫైలు కూడా రాజారావు గారే పట్టుకెళ్ళేరండి. ఆఫీసులో ఇచ్చేస్తానని."

శ్యామసుందరి ఈ వారం మంగళవారమే ఆ ఆఫీసుకి వెళ్ళి వచ్చింది. శ్రీపతి కాగితాలేవీ తమకు చేరలేదని అక్కడ చెప్పారు. ఫైలు మాయమైంది. ఇక మిగిలింది ఆ మాట విన్న సుగుణ ఒక్కతే. సంతకం పెట్టేస్తే ఆమె ఏం చెప్పినా నమ్మేవాళ్ళుండరు. ఆపైన అయిదూ నలభై అయిదు విమానం, ఎవరూ తెలియని ఊరు, పక్కన రాజారావు.

వీధిలో కారు హారను రెండుసార్లు పొట్టిగా మోగింది.

శ్యామసుందరి గొంతు తగ్గించింది. రాజారావుకి ఏమీ తెలియకుండా పోలీసులు వచ్చేదాకా అలాగే కూర్చోబెట్టాలంది. ద్వారకానాథ్ మారు మాట్లాడకుండా షెడ్డు ఫోనందుకుని పోలీసుల నంబరు మూడు సున్నాలు నొక్కాడు. జాహిదా క్వారంటైన్ కాగితం, డైరీ నకలు ఇనపపెట్టెలో పెట్టి తాళం వేసింది. ఈ పనులన్నిటికీ నిమిషం పట్టి ఉంటుంది. తల తిప్పేసరికి తలుపు దగ్గర సుగుణ లేదు.

శ్యామసుందరి వంటింట్లోకి పరుగెత్తింది. బల్లమీద భరిణె తెరిచే ఉంది. నిమ్మచెక్కలు లేవు.

ముందు గది కిటికీలోంచి వీధి కనిపించింది. సుగుణ నింపాదిగా నడుచుకుంటూ తెల్లకారు దగ్గరికి వెళ్ళింది. రాజారావు నవ్వుతూ లోపలి నుంచి పక్క తలుపు తెరిచాడు. ఆమె ఎక్కలేదు. కారు ముందుకి వచ్చి, వంగి, ఎడమ చక్రం కింద ఒక చెక్క, కుడి చక్రం కింద ఒక చెక్క పెట్టింది. ఆమె నుదుటిమీద ఎర్రగా కుంకుమ ఉంది. ఆరు వారాల తర్వాత, ఎవరినీ అడక్కుండా పెట్టుకుంది.

రాజారావు తల బయటపెట్టి చక్రాలకేసి చూశాడు. పచ్చటి చెక్కలు చూసి అతనికి ఏమీ అర్థమైనట్టు లేదు. కళ్ళెత్తేసరికి షెడ్డు కిటికీలో చెవికి ఫోను పెట్టుకుని తనకేసే చూస్తున్న ద్వారకానాథ్ కనిపించాడు. అది మాత్రం అర్థమైంది. నవ్వు పోయింది. పక్క తలుపు లాగి వేసుకున్నాడు, అద్దం ఎక్కించుకున్నాడు.

శ్యామసుందరి గుమ్మం దాటి పరుగెత్తుతోంది. సుగుణా, పక్కకి రా అని అరుస్తోంది. సుగుణ వెనక్కి తిరగలేదు.

"ఆ రోజులాగా నవ్వండి రాజారావు గారూ," అంది. "ఇంక నేనెక్కడికీ రాను."

కారు ఇంజను స్టార్టయింది. సుగుణ రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి నిలబడింది.